ఆరాం అనే మాట

మా మనవరాలి కాలి మీద డాక్టరమ్మ బొటనవేలు పెట్టి నొక్కుతుంటే నేను గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ కూర్చున్నాను. వికారాబాదు బస్టాండుకు దగ్గరి వీధిలో, ఒక మేడ మీద ఉంటుంది ఆ దవాఖాన. ఎముకల నొప్పులకూ నరాల నొప్పులకూ వ్యాయామాలు చేయించి నయం చేసే చోటు. డాక్టరమ్మ మా బిడ్డ సునీత కంటే చిన్నది. జెస్సీని బల్ల మీద పడుకోబెట్టి, మోకాలి కింద మొదలుపెట్టి, ముందరి ఎముక లోపలి అంచు వెంబడి నొక్కుకుంటూ కిందికి వచ్చింది. "ఇక్కడ నొస్తుందా? ఇక్కడ?" అని అడుగుతుంటే జెస్సీ "జర, జర" అంటూ వచ్చింది. చీలమండకు జానెడు పైన ఒక చోట వేలు పడగానే "అమ్మా!" అని లేచి కూర్చుంది. ఇక నేను క్యాలెండరు వైపు కూడా చూడలేకపోయాను. ఆ చోటు నాకు తెలుసు. నలభై ఏళ్ళకు పైగా తెలుసు. ఇంకో పిల్ల కాలి మీద, సరిగ్గా ఆ చోటనే, నేను ఆముదం పోసి నా బొటనవేలితో బలంగా రుద్దాను.

జెస్సీ మా సునీతకు ఒక్కతే సంతానం. డిగ్రీ అయ్యాక కానిస్టేబులు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. రాత పరీక్ష ఒకటి అయింది, ఇక పరుగు మిగిలింది. దానికి మూడు నెలలే గడువుందని తెలిసిన రోజు నుంచి పొద్దున్నే అనంతగిరి గుట్ట రోడ్డు పట్టుకుంది. అంతకు ముందు వారానికి రెండు మూడు సార్లు కాలేజీ మైదానంలో నాలుగు చుట్లు తిరిగి వచ్చే పిల్ల. ఒక్కసారిగా రెండు పూటలా తారు రోడ్డు మీద ఎక్కడం, దిగడం. నెల తిరగకముందే కుంటుతూ ఇంటికి రావడం మొదలైంది. ఏమైందే అంటే "ఏం లేదమ్మమ్మ, పిక్క పట్టింది" అనేది. చివరికి నేనే దవాఖానకు పోదామని వెంటపడ్డాను. గొప్పగా చెప్పుకోవడానికి ఈ మాట రాయడం లేదు. పది రోజులు చూసీ చూడనట్టు ఊరుకుని, ఆ తరువాత వెంటపడ్డాను.

డాక్టరమ్మ జెస్సీ బూట్లు చేతిలోకి తీసుకుని తిరగేసి నాకు చూపించింది. మడమ దగ్గర అడుగు అరిగి పల్చటి రేకులా అయింది. "ఇవి ఏసుకొని గుట్ట దిగుతున్నవా? దిగేటప్పుడు ఒళ్ళు బరువంతా ఈ బొక్క మీదనే పడతది" అని జెస్సీ ముందరి ఎముక చూపించింది. నొప్పి ఎట్లా మొదలైందని అడిగింది.

"మొదలు మొదలు ఉరుకుడు షురూ జెయ్యంగ నొస్తుండె మేడం, ఒళ్ళు వేడైతే తగ్గుతుండె. ఇప్పుడు తగ్గుతలేదు. ఊకె కూసున్నా నొస్తుంది."

"ఏం తింటున్నవ్?"

"పొద్దున చాయ్. మధ్యాహ్నం జరంత బువ్వ. బరువు పెరిగితే ఉరకలేనని."

"నెలనెలా సరిగ్గ అవుతున్నవా?"

జెస్సీ తల వంచుకుంది. పోయిన నెలా లేదట, ఈ నెలా లేదట. ఒకే ఇంట్లో, ఒకే గదిలో పడుకునే దాన్ని, నాకు తెలియదు.

"బొక్కకు గూడ పానమున్నదే అమ్మ" అన్నది డాక్టరమ్మ నా వైపు తిరిగి. "ఉరికితే జర దెబ్బ తింటది, కూసుంటే మళ్ళ నిండుకుంటది. ఈ పిల్ల నిండుకోనిస్తలేదు. తిండి గూడ పెడతలేదు దానికి. నొప్పి బెత్తెడు పొడుగున ఉంటే రెండు మూడు వారాలు ఆగితే పోతుండె. గిట్ల రూపాయి బిళ్ళంత జాగల, వేలు పెడితే ఓర్చుకోరాకుండ ఉన్నదంటే బొక్క చిట్లుడు మొదలైందనుకోవాలె. ఎక్స్‌రేల ఇప్పుడే కనవడకపోవచ్చు. కనవడేదాంక ఆగితే ఇరుగుతది. ఆరు వారాలు ఉరుకుడు బంద్."

"రెండు నెలలల్ల నా పరుగున్నది మేడం!"

"ఇప్పుడు కూసుంటే అప్పటికి లేస్తవేమో. ఇప్పుడు ఉరికితే యాడాది కూసుంటవ్."

ఏం చేయాలో, ఏం చేయకూడదో అచ్చువేసిన కాగితం ఒకటి ఇచ్చి, దాని కింద ఇంగ్లీషులో రాయబోతుంటే నేను ఆపాను. "నాకు తెలుగుల రాసియ్యుండ్రి అమ్మ, నేను సదువుకుంట" అన్నాను. ఆమె ఒకసారి నా ముఖం చూసి, తెలుగులో గుండ్రంగా రాసి ఇచ్చింది. మెట్లు దిగుతూ జెస్సీ నా మోచెయ్యి పట్టుకుంది. ఆనుకోవడానికని అనుకున్నాను. "అమ్మమ్మ, అమ్మకు జెప్పకు. వారంల తగ్గుతదన్నదని జెప్పుదాం. నేనే చూసుకుంట" అన్నది. ఆటోలో ఇంటికి వచ్చేదాకా కాగితం మడత నా గుప్పిట్లోనే ఉంది. మనసు మాత్రం తాండూరు దగ్గరి మా ఊళ్ళో, బోరింగు దగ్గర ఉంది.

యాలాల దిక్కు మా ఊరు. నాపరాళ్ళ గనులు దగ్గర కాబట్టి మా ఇళ్ళలో అన్నీ బండలే. నేల బండలు, పైకప్పు బండలు, పశువుల తొట్టి బండలు, కూర్చునే అరుగు బండలు. వాన పడితే ఊరంతా తడి రాయి వాసన కొట్టేది. మా నాయన గనిలో రాయి తీసేవాడు. అమ్మను మేము అవ్వ అని పిలిచేవాళ్ళం. అవ్వ కంది చేలల్లో కూలికి పోయేది. తెల్లారకముందే పొయ్యిలో కందికట్టె వెలిగించి, వేడినీళ్ళతో జొన్నపిండి కలిపి, రొట్టెలు చరిచేది. ఆ చప్పుడుకే మేము లేచేవాళ్ళం. ఆదివారం మాత్రం రొట్టెల చప్పుడుకు ముందు అవ్వ ప్రార్థన వినబడేది. నేను పెద్దదాన్ని. రూతు నాకంటే మూడేళ్ళు చిన్నది. నాకు బడి వయసు వచ్చినప్పుడు చంకలో రూతు ఉంది. దాన్ని చంక దింపేసరికి నాకు పని వచ్చేసింది, బడి దాటిపోయింది. అది నడిచింది, పలక పట్టుకుంది, బడికి పోయింది. నేను రాళ్ళు నునుపు చేసే మిషను దగ్గర నీళ్ళు పోసే పనికి పోయాను. సాయంత్రానికి చేతులు తెల్లగా పొడి పట్టి, వేళ్ళ సందులు చిట్లి మండేవి. అందుకు నేనెప్పుడూ ఏడవలేదు. ఏడవలేదు కాబట్టి నాకు కోపం లేదని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

పొద్దున నాలుగు బిందెల నీళ్ళు కావాలి ఇంటికి. బోరింగు వాడకు ఆ చివర. రెండు బిందెలు నావి, రెండు రూతువి. అది ఎవరూ పెట్టిన నియమం కాదు గాని, పొద్దు పొడవడం ఎట్లాగో అది అట్లా జరిగిపోయేది.

రూతు పరుగును బడిలో ఆటలు నేర్పే సారు చూశాడు. పన్నెండేళ్ళు దాటిన పిల్ల, చెప్పులు లేకుండా పెద్ద పిల్లలను దాటి పోతుంటే సారు ఇంటికొచ్చి మరీ నాయనతో చెప్పాడు. అప్పటి నుంచి ఇంట్లో కొత్త వాసన ఒకటి మొదలైంది. ఉడికే కోడిగుడ్డు వాసన. మాకు ఒకే పెట్ట ఉండేది. అది పెట్టిన గుడ్డు రూతుకు. నేను ఒకరోజు "గుడ్డు తినేటోళ్ళు ఉరుకుతరు, మరి బండలు కడిగేటోళ్ళు ఏం తిని కడగాలె?" అన్నాను. అవ్వ రొట్టె తిప్పుతూ "నీకు గుడ్డు గావాలంటే నువ్వు గూడ ఉరుకు" అన్నది. నాయన నవ్వాడు, రూతు నవ్వింది, అందరితో పాటు నేనూ నవ్వాను. తరువాత రూతు సగం గుడ్డు తెచ్చి నా చేతిలో పెడితే వద్దని తోసేశాను. అది నేల మీద పడింది, కోడి వచ్చి పొడుచుకు తిన్నది.

వానాకాలం బడి మైదానం నల్లరేగడి బురద. కాలు పెడితే ఊడిరాదు. అందుకని సారు రూతును బడి ముందర బండలు పరిచిన పెద్ద వాకిట్లో ఉరికించేవాడు. మాకు అందరికీ అది మంచి ఆలోచనే అనిపించింది. బండ మీద జారకుండా, బురద అంటకుండా, చక్కగా ఉరకవచ్చు కదా. రాయి ఎంత గట్టిదో మా కంటే తెలిసినవాళ్ళు ఎవరు? గనిలో సుత్తె దెబ్బ రాయి మీద పడి, తిరిగి మనిషి భుజంలోకి ఎట్లా వస్తుందో నాయన రోజూ చెప్పేవాడు. కాలి దెబ్బ కూడా అట్లాగే తిరిగి వస్తుందని మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. రెండు నెలలకు రూతు ముందరి ఎముక పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. అవ్వ వావిలాకు వేడి చేసి కట్టింది. ఆముదం కాచి ఇస్తే నేను రుద్దాను. రూతు ఓణీ కొంగు నోట్లో కుక్కుకుని "మెల్లగక్క, మెల్లగ" అనేది. "మెల్లగ రుద్దితే పోతదా నొప్పి?" అని నేను ఇంకా గట్టిగా రుద్దేదాన్ని. దాన్ని బాగు చేయాలని ఎంత ఉండేదో, నా చేతుల మంట దానికీ తెలియాలని ఎంత ఉండేదో, ఇప్పుడు వేరు చేసి చెప్పలేను.

నొప్పి తగ్గకపోయేసరికి అవ్వ నన్ను తోడిచ్చి తాండూరు పంపింది. కంది కోతలు, ఆమె రాలేదు. అప్పట్లో తాండూరులో ఒక ముసలి డాక్టరు సాబు ఉండేవాడు. అందరినీ బేటీ, బేటా అనేవాడు. తెలుగు ముక్క ఒకటి, ఉర్దూ ముక్క ఒకటి కలిపి మాట్లాడేవాడు. రూతు కాలు చూసి, నొక్కి, అది అరిచాక, నాతో అన్నాడు: "మూడు హఫ్తాలు పిల్లకు ఆరాం హోనా, బేటీ."

మా దిక్కు ఆరాం అనే మాటకు రెండు పనులు. జ్వరం తగ్గితే ఆరాం అయింది అంటాం. పని మాని నడుం వాలిస్తే ఆరాం చేస్తున్నాడు అంటాం. హోనా అనే మాట కూడా అంతే. కావాలి అనే అర్థంలోనూ వాడతారు, అవుతుంది అని కూడా వినబడుతుంది. ఇంటికి రాగానే అవ్వ "డాక్టరు ఏమన్నడు?" అని అడిగింది. "మూడు వారాలల్ల ఆరాం అయితదన్నడు" అన్నాను. అవ్వ యేసయ్యకు దండం పెట్టుకుంది. మర్నాడు రూతు ఉరకడానికి పోయింది. మూడో వారం వికారాబాదులో పోటీలు. రెండో చుట్టు మలుపులో పడిపోయింది. ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడైందని పక్కన ఉరికిన పిల్లలు చెప్పారు. సారు దాన్ని బస్సులో పడుకోబెట్టి తెచ్చాడు. వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టారు. ఎముక అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది. ఇప్పటికీ అక్కడ చెయ్యి పెడితే రేగుపండంత బొడిపె తగులుతుంది. రూతు మళ్ళీ ఉరకలేదు. కట్టు విప్పేసరికి బడి కూడా పోయింది.

ఇంతవరకు నేను అందరికీ చెప్పిన కథ. నా పెనిమిటికి చెప్పాను, సునీతకు చెప్పాను, పొదుపు సంఘంలో ఆడవాళ్ళకు చెప్పాను. ఒక మాట తప్పుగా విన్నందుకు ఎంత పనైందో చూడండి అని చెప్పేదాన్ని. సదువు లేకపోతే ఇట్లనే అయితది అని వాళ్ళు జాలిపడేవాళ్ళు. ఆ జాలి నేను తీసుకునేదాన్ని. ఆదివారం ప్రార్థనలో తెలిసి చేసిన పాపాలూ తెలియక చేసిన పాపాలూ క్షమించమని అంటాం కదా. దీన్ని ఎప్పుడూ తెలియక చేసిన వాటిలోనే వేసుకున్నాను.

చెప్పని ముక్క ఇది. డాక్టరు సాబు ఆ మాట అంటూ బల్ల మీద అరచెయ్యి బోర్లా పెట్టి, పసిపిల్లను జోకొట్టినట్టు రెండుసార్లు తట్టాడు. తరువాత చూపుడు వేలు, నడిమి వేలు కాళ్ళలా చేసి బల్ల మీద ఉరికించి, రెండో చేత్తో వాటిని ఆపి, తల అడ్డంగా ఊపాడు. చెవిటివాళ్ళకు కూడా అర్థమయ్యేట్టు చెప్పాడు. నాకు అర్థమైంది. దవాఖాన మెట్లు దిగుతుంటేనే నా లెక్క మొదలైంది. మూడు వారాలు ఇది పడుకుంటుంది. గుడ్డు మాత్రం దీనికే. దీని రెండు బిందెలు కూడా నేనే మోయాలి. బోరింగుకు రెండుసార్లు పోయేదాన్ని నాలుగుసార్లు పోవాలి, ఆ పైన బండల పనికి. బస్సులో కూర్చునేసరికి ఆరాం అనే మాటకు రెండో అర్థం దొరికింది. ఊరు వచ్చేసరికి డాక్టరు సాబు అదే అన్నాడని నేనే నమ్మడం మొదలుపెట్టాను.

కాలు విరిగాక అవ్వ ఆ ముసలి డాక్టరును నోటికొచ్చినట్టు తిట్టింది. ఆయనకు ఏమీ రాదని మా వాడంతా అనుకున్నారు, కొందరు పోవడం మానేశారు. కొన్నాళ్ళకు తాండూరు అంగట్లో ఆయనే ఎదురుపడ్డాడు. నన్ను గుర్తుపట్టి "బేటీ, చెల్లె కాలు ఎట్లుంది?" అని అడిగాడు. "ఆరాం ఉన్నది సాబ్" అన్నాను. ఆయన సంతోషపడి నా తల మీద చెయ్యి పెట్టాడు.

నాకు అక్షరాలు నేర్పింది రూతే. ఆమె పెళ్ళి చేసుకుని తాండూరులో బట్టలు కుడుతూ స్థిరపడింది. నా పెనిమిటి పోయాక నేనూ కొన్నేళ్ళు ఆ పక్క వీధిలోనే ఉన్నాను. యాభై దాటిన వయసులో, సంఘం పుస్తకంలో ఇంకా వేలిముద్ర వేస్తున్నానని రూతు నన్ను ఎగతాళి చేసి, పలక కొని తెచ్చింది. మధ్యాహ్నం మిషను పక్కన కూర్చోబెట్టి దిద్దించేది. దాని కుడి కాలు చాపి ఉండేది, ఎడమ కాలితో ఒక్కదానితోనే మిషను తొక్కేది. మాటలు చెప్పి రాయమనేది. రొట్టె, కంది, బండ, అక్క. ఒకరోజు "ఆరాం అని రాయక్క" అన్నది. ఆ రాశాను, రా రాశాను. సున్నా పెట్టకుండానే పలక తుడిచేశాను. "నాకు రాదు గీ మాట" అన్నాను. రూతు ఏదో అనబోయి, దారం కొరికి, ఇంకో మాట చెప్పింది. దానికి తెలుసునని, నన్ను ఏడిపించడానికే ఆ మాట చెప్పిందని నాకు అనుమానం. సునీత రమ్మంటే వికారాబాదు వచ్చేయడానికి ఆ అనుమానం కూడా ఒక కారణం.

జెస్సీని దవాఖానలో చూపించిన రోజు సాయంత్రం సునీత పని నుంచి వచ్చి, గిన్నెలు సర్దుతూ "ఏమన్నది డాక్టరు?" అని అడిగింది. జెస్సీ నా వైపు చూడకుండా "ఏం లేదమ్మ, వారంల ఆరాం అయితదన్నది" అన్నది. ఆ పిల్లకు వేరే మాట దొరకలేదు. సునీత మంచిదే అని పొయ్యి వెలిగించబోయింది. నేను కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం విప్పాను. నేను మెల్లగా చదువుతాను, ఇప్పటికీ వేలు పెట్టి చదువుతాను. "పరుగు పూర్తిగా ఆపాలి" అని చదివాను. "అమ్మమ్మా!" అన్నది జెస్సీ. "ఆరు వారాలు" అని చదివాను. తరువాతి మాటలో ఒత్తు దగ్గర ఆగిపోయాను. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. కూడబలుక్కుని "విశ్రాంతి" అన్నాను. "విశ్రాంతంటే ఆరాం సునీత. ఆరాం అయితదని కాదు. ఆరాం జెయ్యాలె."

"నాకు జెప్పకుండ దాపెడుతున్నవానే?" అని సునీత జెస్సీ మీద లేచింది. జెస్సీ నా మీద లేచింది. "యాభై ఏండ్లకు సదువు నేర్సింది నా కొంప ముంచనీకేనా అమ్మమ్మ?" అన్నది. తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే కంచం తీసుకుని పక్క గదిలోకి పోయేది.

కాగితంలోని పనులు మాత్రం చేసింది. మంచుగడ్డ బట్టలో చుట్టి పావుగంట చొప్పున రోజుకు మూడుసార్లు పెట్టుకుంది. ఎముక మీద గట్టిగా రుద్దవద్దని అందులో ఉంది. ఆ వాక్యం నేను చాలాసార్లు చదివాను. మేము చల్లబరచాల్సిన చోట వేడి పెట్టాం, ముట్టకూడని చోట రుద్దాం, ఆపాల్సిన పిల్లను బండల మీద ఉరికించాం. అందులో కొంత తెలియకపోవడం వల్లనే జరిగింది, అవ్వకు నిజంగా తెలియదు, సారుకు తెలియదు. తెలిసినది నాకు ఒక్కదానికే, అదీ ఒక్క మాట. ఇప్పుడు ఫ్రిజ్ ఉంది, గుడ్లు ఒక అట్ట నిండా ఉన్నాయి, ఎవరికీ వాటా వేయనక్కర లేదు. అయినా జెస్సీ తినకుండా ఉరికింది, నొప్పి దాచింది, అబద్ధం చెప్పబోయింది. అప్పటికంటే ఇప్పుడు అన్నీ బాగున్నాయని రాయాలని మొదలుపెట్టాను గాని, రాయలేకపోతున్నాను.

పదో రోజు నేను తాండూరు బస్సెక్కాను. రూతు మిషను దగ్గరే ఉంది. చాయ్ పెడతానంటే వద్దన్నాను. కూర్చోకముందే చెప్పేశాను. "రూతు, గా సాబు డాక్టరు ఆరాం అయితదనలేదు. ఆరాం జెయ్యాలె అన్నడు. నాకు గప్పుడే తెలుసు."

రూతు కుట్టు చివరిదాకా వేసి, మిషను ఆపి, నవ్వింది. "నాకు తెల్వదా అక్క? నేను గాడనే కూసున్న గద. చెవులల్ల ఏమన్న దూది పెట్టుకున్ననా?"

"మరి అవ్వకు ఎందుకు జెప్పలె?"

"ఎందుకు జెప్త? నాకు ఉరకాలనే ఉండె. నువ్వు ఇంటికొచ్చి అవ్వకు గట్ల జెప్తుంటే నాకెంత సంబురమైందో! మా అక్క నా కోసం అబద్ధమాడిందనుకున్న. ఇంట్ల ఒక్కరన్న నా దిక్కున్నరనుకున్న. కాలు ఇరిగినంక గూడ నిన్నెన్నడు ఏమన్న అన్ననా? నా కోసం జేసినదానికి నిన్నేమంటనని."

నలభై ఏళ్ళు నేను దాచుకున్నది ఆమెకు తెలుసు. దానికి నేను కలలో కూడా ఊహించని మంచి కారణం ఒకటి తనే కల్పించుకుని, దాన్ని పట్టుకుని బతికింది. నేను అక్కడే ఆగిపోయి ఉండవచ్చు. చాయ్ తాగి, ఇద్దరం నవ్వుకుని, బస్సెక్కి రావచ్చు. ఒక్క క్షణం అదే చేయబోయాను కూడా. అప్పుడు బస్సులో దొరికినట్టే మళ్ళీ నాకు ఒక సులువైన అర్థం దొరికింది.

"నీ కోసం కాదు రూతు. నువ్వు పండుకుంటే నీ రెండు బిందెలు నేను మొయ్యాలెనని."

"ఏం బిందెలు?" అన్నది.

"బోరింగు నీళ్ళు."

రూతు నా ముఖంలోకి చూసింది. "నీళ్ళ కోసమా?" అన్నది. కాసేపటికి మళ్ళీ, తనలో తాను అనుకున్నట్టు, "బిందెల కోసమా" అన్నది. చాపిన కాలి మీది చీర సరిచేసుకుంది. "పలక మీద గా మాట రాయమన్నది ఎందుకో ఎరుకనా నీకు? ఇద్దరం నవ్వుకుందామని. ఎట్ల మోసం జేసినమక్క అవ్వను అని అందామనుకున్న. నువ్వు తుడిసేసినవ్." తరువాత మిషను చక్రం మీద చెయ్యి వేసి, నా వైపు చూడకుండా "జెప్పకుంటే బాగుండె గదక్క" అన్నది. నేను లేచి వచ్చేశాను. గుమ్మం దాటేదాకా మిషను చప్పుడు వినబడలేదు.

ఇది జరిగి నాలుగు వారాలైంది. జెస్సీ ఇప్పుడు నొప్పి లేకుండా నడుస్తున్నది. మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించే వ్యాయామం చేస్తున్నది. గుడ్డు, పాలు, నువ్వులుండ తింటున్నది. ఆడవాళ్ళ డాక్టరుకు కూడా చూపించాం. ఇంకో వారం పోతే మట్టి నేల మీద ఒక నిమిషం ఉరికి రెండు నిమిషాలు నడవమన్నారు. పరుగు నాటికి అందుకుంటుందో లేదో నాకు తెలియదు. నాతో మాట్లాడుతున్నది, అవసరమైనంత వరకు.

మేము రెండో అంతస్తులో ఉంటాం. తాగే నీళ్ళు వీధి చివర ప్లాంటు నుంచి తెచ్చుకోవాలి. ఆ పని ఎప్పుడూ జెస్సీదే. పెద్ద క్యాను భుజాన వేసుకుని చకచకా ఎక్కేసేది. బరువు మోయవద్దన్నారు కదా. సునీత పొద్దున్నే పనికి పోతుంది. క్యాను నా వల్ల కాదు, అందుకని రెండు చిన్న బిందెలు పెట్టుకున్నాను. ఒకటి తెచ్చి, కాసేపు ఆగి, రెండోదానికి పోతాను.

నిన్న పొద్దున రూతు ఫోన్ చేసింది. నాలుగు వారాల తరువాత అదే మొదటిసారి. నన్ను ఎట్లున్నవని అడగలేదు. జెస్సీ కాలు సంగతి అడిగింది. మంచుగడ్డ పెడుతున్నారా, బూట్లు మార్చారా, తింటున్నదా అని ఒక్కొక్కటే అడిగింది. చెప్పాను. ఇక పెట్టేస్తుందేమో అనుకున్నాను.

"ప్లాంటు నీళ్ళు గా పిల్లనే తెస్తుండె గద. ఇప్పుడెవరు తెస్తున్నరు?" అన్నది.

"నేనే."

"ఎన్ని?"

"రెండు బిందెలు."

ఫోను కట్ అయిందేమోనని చెవి నుంచి తీసి చూశాను. కట్ కాలేదు.

"సరే, తే" అన్నది రూతు. "మెట్లున్నయ్. ఆగి ఆగి ఎక్కు."